మా ప్రోగ్రాంకు తగిన బ్రోకరు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది

బ్యాంకు ఉద్యోగానికి 2022లో స్వచ్ఛంద విరమణ ఇచ్చి గుంటూరులో ఇంటిపట్టున ఉంటున్న నాకు, నిఫ్టీ బీస్, గోల్డ్ బీస్ అనే రెండు ఈటీఎఫ్‌లను (షేర్లలాగే మార్కెట్లో కొని అమ్ముకునే ఫండ్లు) ఒక చిన్న లెక్క ప్రకారం కొంటూ అమ్ముతూ ఉండడం వ్యాపకం. ధర ఇంత పడితే ఇన్ని యూనిట్లు కొనాలి, ఇంత పెరిగితే అమ్మాలి అన్న లెక్క నోటు పుస్తకంలో స్పష్టంగానే ఉంది. ఇబ్బంది నాతోనే. పడిన రోజున ఇంకాస్త పడుతుందేమోనని ఆగుతాను, పెరిగిన రోజున ఇంకాస్త పెరుగుతుందేమోనని ఆగుతాను, చివరకు రెండూ పోగొట్టుకుని సాయంత్రం పుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీస్తాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు ఆ గీతలు చూసి, "పెదనాన్నా, మీ లెక్కను నేను పైథాన్‌లో రాసిస్తాను, ఆర్డర్లు అదే పెట్టుకుంటుంది, మీరు చూస్తూ కూర్చోండి చాలు" అన్నాడు. వాడికి ప్రోగ్రాం రాయడానికి రెండు ఆదివారాలు సరిపోయాయి. ఆ ప్రోగ్రాం నుంచి వచ్చే ఆర్డర్లను సరిగా అందుకునే బ్రోకరును ఖాయం చేసుకోవడానికి మాత్రం 2025 ఆగస్టు 16 నుంచి డిసెంబరు రెండో వారం దాకా పట్టింది.

ఫ్యూచర్లు, ఆప్షన్లు, అంటే రాబోయే ధరల మీద కుదుర్చుకునే ఒప్పందాల జోలికి నేను వెళ్లలేదు. 2021-22 నుంచి మూడేళ్లలో వాటిలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్కతేల్చి చెప్పాక, ఆ పక్కకు చూడాలని కూడా అనిపించలేదు. కాబట్టి నా అనుభవం క్యాష్ విభాగంలో, అంటే పూర్తి డబ్బు కట్టి కొనే చోట, రోజుకు రెండు మూడు ఆర్డర్లు పెట్టే మనిషి అనుభవమని ముందే చెబుతున్నాను. బ్రోకర్ల పేర్లు రాయడం లేదు. మొదటిది, రెండోది, మూడోది అనే పిలుస్తాను.

మొదటిది మా బ్యాంకుకు అనుబంధంగా ఉన్న పాత ఖాతా. పొదుపు ఖాతా, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా, ట్రేడింగ్ ఖాతా మూడూ కలిసి ఉంటాయి కాబట్టి అక్కడే ఏపీఐ, అంటే ప్రోగ్రాం నేరుగా ఆర్డర్లు పంపే దారి, తీసుకుంటే సరిపోతుందనుకున్నాను. ఆగస్టు 18న మెయిల్ పెడితే, వినాయక చవితి సెలవు కూడా గడిచాక 28న జవాబు వచ్చింది. అది జవాబు కాదు, నింపి పంపమని ఒక ఫారం. మధ్యలో రిలేషన్‌షిప్ మేనేజరు రెండుసార్లు ఫోను చేసి, "సార్, ఏపీఐ ఎందుకు సార్, మా దగ్గర రెడీమేడ్ స్ట్రాటజీలు ఉన్నాయి" అన్నాడు. ఈలోగా నేను కాగితం మీద ఒక లెక్క వేశాను. నా ఆర్డరు సుమారు 14,000 రూపాయలు. అక్కడి డెలివరీ బ్రోకరేజీ (కొన్నవి డీమ్యాట్‌లో ఉంచుకునే లావాదేవీలకు బ్రోకరు రుసుము) అర శాతం, అంటే కొన్నప్పుడు 70, అమ్మినప్పుడు 70, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 165 రూపాయల పైన. నా లెక్కలో ఒక్కో విడతకు ఆశించే లాభం మూడు శాతం, అంటే 420. ఇన్నేళ్లుగా అందులో ఐదింట రెండు వంతులు ఇచ్చుకుంటూ వచ్చానని, బ్యాంకులో పనిచేసి కూడా ఒక్కసారీ గమనించలేదని సిగ్గేసింది. ఆ ఫారం నింపలేదు.

రెండోది డెలివరీకి బ్రోకరేజీ, ఏపీఐకి రుసుము రెండూ లేని డిస్కౌంటు బ్రోకరు. అదే ఆగస్టు 18న ఖాతాకు దరఖాస్తు పెట్టాను. పది నిమిషాల పని అని ప్రకటనలో ఉంది, నాకు పదకొండు రోజులు పట్టింది. మన పేర్ల సంగతి తెలిసిందే: పాన్ కార్డులో నా ఇంటిపేరు పూర్తిగా చివర ఉంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ముందుంది, బ్యాంకు ఖాతాలో అదే పొడి అక్షరం వెనకుంది. బ్యాంకు ఖాతాను సరిచూడడానికి వాళ్లు ఒక్క రూపాయి జమచేసి, అక్కడ కనిపించిన పేరును పాన్‌తో పోల్చి, మనిషి ఒకరు కాదని తేల్చారు. 20న ఒకసారి, 23న ఒకసారి దరఖాస్తు తిరిగొచ్చింది. పేరు అచ్చయిన క్యాన్సిల్డ్ చెక్కు, ఆరు నెలల స్టేట్‌మెంటు పెట్టాక 29న ఖాతా తెరిచారు. మన వైపు వాళ్లు ఎవరైనా ఈ పని మొదలుపెట్టే ముందు మూడు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే వారం కలిసొస్తుంది.

ఏపీఐ తాళంచెవి (కీ) మాత్రం నిజంగానే పది నిమిషాల్లో వచ్చింది. దానితోపాటు స్టాటిక్ ఐపీ కావాలన్నారు, అంటే ఆర్డర్లు ఎప్పుడూ ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి రావాలి. సెబీ 2025 ఫిబ్రవరి 4న ఇచ్చిన సర్క్యులర్‌లోని నిబంధన అది. ఆగస్టు 1 నుంచి అమలన్నారు, తర్వాత అక్టోబరు 1 అన్నారు, సెప్టెంబరు 30న మళ్లీ దశలు పెట్టి అందరికీ 2026 ఏప్రిల్ 1 గడువుగా చేశారు. ఈ బ్రోకరు మాత్రం గడువుతో పనిలేకుండా అప్పటికే అడుగుతున్నాడు. సెకనుకు పది ఆర్డర్లు దాటకపోతే మన సొంత ప్రోగ్రాంను ఎక్స్ఛేంజీలో విడిగా నమోదు చేయించనక్కర్లేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. మాది రోజు మొత్తం మీద మూడు.

మా ఇంటి నెట్ కనెక్షన్‌కు స్థిరమైన ఐపీ లేదు, పైగా వేసవిలో కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని మావాడు అమెజాన్ క్లౌడ్‌లో ముంబై ప్రాంతంలో చిన్న సర్వరు, అంటే అద్దె కంప్యూటరు, తీసుకున్నాడు. హైదరాబాదులోనూ వాళ్ల డేటా సెంటర్లు ఉన్నాయి కదా, మన ఊరి పక్కన పెట్టుకోవచ్చు కదా అంటే నవ్వి, "ఎక్స్ఛేంజీ ముంబైలో ఉంది పెదనాన్నా, అయినా మీ మూడు ఆర్డర్లకు ఎక్కడున్నా ఒకటే" అన్నాడు. నెలకు ఐపీతో కలిపి 700 రూపాయల దాకా అవుతోంది. అందులో ఒక్క ఐపీ చిరునామాకే గంటకు 0.005 డాలరు చొప్పున నెలకు మూడు వందల పైన పోతుందని బిల్లు చూశాకే తెలిసింది.

ఆ బిల్లు తగ్గిద్దామని నేను ఇచ్చిన సలహాతోనే మొదటి దెబ్బ తగిలింది. శని, ఆదివారాలు మార్కెట్ ఉండదు కదా, సర్వరు ఆపేయమన్నాను. సెప్టెంబరు 5, శుక్రవారం సాయంత్రం ఆపాడు. 8న సోమవారం ఉదయం తిరిగి నడిపితే ఐపీ మారిపోయింది, ఆర్డర్లన్నీ తిరస్కరణ. కొత్త ఐపీని బ్రోకరు దగ్గర నమోదు చేశాం. మళ్లీ ఇలా జరగకూడదని మర్నాడు మావాడు శాశ్వత ఐపీ తీసుకున్నాడు, అది ఇంకో చిరునామా. దాన్ని నమోదు చేయబోతే ఒకే వారంలో రెండోసారి మార్చడం కుదరదని వచ్చింది. 15వ తేదీ దాకా ఊరికే కూర్చున్నాం. ఆదా చేద్దామనుకున్నది రెండు రోజుల అద్దె.

15న ఉదయం 9:16కు ఆర్డరు వెళ్లాలి. 9:15కు మార్కెట్ తెరుచుకుంటుంది కాబట్టి ఒక్క నిమిషం ఆగి పెట్టమని చెప్పాం. 9:16 అయింది, 9:20 అయింది, ఏమీ లేదు. ఫోనులో మావాడు అరగంట సేపు వెతికి ఆఫీసు మీటింగుకు వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తుండగా ఫోను మోగింది, ఒక యూనిట్ నిఫ్టీ బీస్ కొన్నట్టు సందేశం. టైము 2:46. సర్వరు గడియారం గ్రీన్‌విచ్ సమయంలో ఉంది. దానికి 9:16 అయ్యేసరికి మనకు ఐదున్నర గంటలు దాటాయి. ఇది బ్రోకరు తప్పు కాదు, మాదే. అయినా ఆ రోజు వాళ్లకు రాసిన ఘాటైన మెయిల్‌కు తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

అసలు భయం సెప్టెంబరు 17, 18 తేదీల్లో పట్టుకుంది. ఖాతాలో 50 యూనిట్లు ఉండాలి, లేకపోతే కొను అని ప్రోగ్రాంకు చెప్పాం. 17న బుధవారం 50 కొంది. 18న ఉదయం లేచి చూసి, ఏమీ లేవనుకుని మరో 50 కొంది. డబ్బు తగ్గుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఇదే లెక్కన రోజూ కొంటూ పోతే ఎక్కడ ఆగుతుంది? వెంటనే సర్వరు ఆపించి, ఇద్దరం రాత్రి పదకొండింటి దాకా కూర్చుని చూస్తే విషయం ఇదీ: ఈ రోజు కొన్నవి మర్నాటికి గాని సెటిల్ కావు, ఆ మధ్యలో అవి హోల్డింగ్స్‌లోని మామూలు సంఖ్యలో కనిపించవు, టీ1 అనే వేరే గడిలో ఉంటాయి. మా ప్రోగ్రాం ఆ గడి చూడలేదు. బ్రోకరు ఇచ్చిన వివరణ పత్రంలో ఆ గడి పేరు ఉంది గాని, అది ఏమిటో ఒక్క వాక్యం కూడా లేదు.

పోనీ అదనంగా కొన్నవి అమ్మేద్దామని 19న అమ్మకం పెట్టిస్తే అదీ తిరస్కరణ. డీమ్యాట్ నుంచి షేర్లు తీసి ఇవ్వడానికి వాటిని భద్రపరిచే డిపాజిటరీ సీడీఎస్ఎల్ దగ్గర మన అనుమతి కావాలి. చేత్తో అమ్మేవాళ్లు ఫోనులో టీపిన్ అనే రహస్య సంఖ్య, ఓటీపీ కొట్టి ఆ రోజుకు అనుమతి ఇస్తారు. ప్రోగ్రాంకు ఓటీపీ ఎక్కడిది? దీనికి మందు డీడీపీఐ అనే ఒక్కసారి సంతకం. పాత పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో 2022 నవంబరు నుంచి ఇదే. ఈ బ్రోకరు దగ్గర అది ఆన్‌లైన్‌లో లేదు: ఫారం ప్రింటు తీసి, సంతకాలు పెట్టి, కొరియరులో పంపాలి. కొరియరుకు 90, రుసుము జీఎస్టీతో 118, పన్నెండు రోజుల నిరీక్షణ. ఈలోగా ఆ 50 యూనిట్లను 22న నేనే టీపిన్ కొట్టి అమ్మాను. యూనిట్‌కు రెండు రూపాయల పైచిలుకు పోయి 112 రూపాయల నష్టం. ఇక అమ్మిన ప్రతి రోజూ, ఎన్ని యూనిట్లయినా సరే, డీమ్యాట్ నుంచి యూనిట్లు తీసినందుకు డీపీ చార్జీ విడిగా పడుతుంది. 280 రూపాయల యూనిట్ ఒక్కటే అమ్మి పరీక్షించిన రోజున కూడా పదిహేను రూపాయల పైన కోసుకున్నారు. పరీక్షలకు ఒక్క యూనిట్ చాలు కదా అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి.

బ్రోకరును మార్చాలని మనసులో పడింది మాత్రం అక్టోబరు 7న. ఆ మంగళవారం 9:16కు ప్రోగ్రాం ఆర్డరు పంపింది. పది సెకన్లు చూసినా జవాబు రాలేదు. చేరలేదనుకుని మళ్లీ పంపింది. నిజానికి మొదటిదీ చేరింది, రెండోదీ చేరింది. మళ్లీ వంద యూనిట్లు. వాళ్ల చాట్‌లో యంత్రం ఒకటే వాక్యం తిప్పి తిప్పి చెప్పింది. ఫిర్యాదు నమోదు చేస్తే మూడో రోజున "మీ వైపు నెట్‌వర్క్ సమస్య" అని ఒక్క ముక్కలో తేల్చారు. ఈసారి అదనపు 50 యూనిట్ల మీద ముప్పావలా చొప్పున లాభమే వచ్చింది, దాంతో మావాడికి దాన్ని సరిదిద్దాలన్న తొందర పోయింది. నేను ఒప్పుకోలేదు. "ఒరేయ్, పడే రోజున ఇదే జరిగితే?" అన్నాను. వాడు కాసేపు మౌనంగా ఉండి, జవాబు రాకపోతే మళ్లీ పంపకూడదని, ముందు ఆర్డర్ల పుస్తకం తెరిచి మనది ఉందో లేదో చూడాలని, దానికి ప్రతి ఆర్డరు మీద మన గుర్తు ఒకటి వేసుకునే వీలుండాలని చెప్పాడు. రెండో బ్రోకరు ఏపీఐలో ఆ గుర్తుకు చోటు లేదు.

అక్టోబరు 9న మూడో బ్రోకరుకు దరఖాస్తు పెట్టాను. కేవైసీ అప్పటికే ఎక్కి ఉండడంతో మర్నాడే ఖాతా తెరుచుకుంది. డీడీపీఐ ఆధార్ ఈ-సైన్‌తో, అదే 118 రూపాయలకు, రెండు రోజుల్లో అయిపోయింది. ధరల డేటాతో కలిపి ఏపీఐకి నెలకు 500. ఈసారి మేం మంచి ఆర్డర్లతో మొదలుపెట్టలేదు, కావాలని తప్పు ఆర్డర్లు పెట్టాం. ఖాతాలో 9,800 ఉంచి 14,000 పైచిలుకు ఆర్డరు పంపాం. రెండో బ్రోకరు ఇలాంటప్పుడు "ఆర్డరు తిరస్కరించబడింది" అని ఊరుకునేవాడు. ఇక్కడ ఎంత కావాలో, ఎంత ఉందో, ఎంత తక్కువైందో మూడు అంకెలూ వచ్చాయి. సర్క్యూట్ పరిమితికి (ఆ రోజు ధర కదలడానికి ఎక్స్ఛేంజీ పెట్టిన హద్దు) బయట ధర వేసి పంపాం. ఆర్డరు పంపిన క్షణంలోనే సర్వరు నెట్ తెంపేశాం. తిరిగి కలిపి గుర్తుతో వెతికితే ఆర్డరు దొరికింది. ఆ రోజు నాకు కలిగిన నెమ్మది, మొదటిసారి లాభం వచ్చిన రోజున కూడా కలగలేదు.

దీపావళి వారం ఇంకో తమాషా. మనకు పండగ అక్టోబరు 20, సోమవారం. ఆ రోజు మార్కెట్ మామూలుగా నడిచింది. 21న సెలవు, కాని మధ్యాహ్నం 1:45 నుంచి 2:45 దాకా పండగ శుభానికి నడిపే ముహూరత్ ట్రేడింగ్. ప్రోగ్రాం 21న ఉదయం తెల్లమొహం వేసుకుని ఆర్డరు పంపింది, తిరస్కరణ వచ్చింది. సెలవుల పట్టిక రాసివ్వాలని అప్పుడు గుర్తొచ్చింది. ముహూరత్ సమయంలో నేనే చేత్తో, రెండో బ్రోకరు ఖాతాలో మిగిలిన చిల్లరతో, శుభమా అని ఒక గోల్డ్ బీస్ యూనిట్ కొన్నాను.

మొత్తం యంత్రమే చూసుకుంటుందనుకుంటే పొరపాటు. లాగిన్ అయ్యాక బ్రోకరు ప్రోగ్రాంకు ఇచ్చే టోకెన్, అంటే ప్రవేశపు గుర్తు, మర్నాటి ఉదయానికి చెల్లదు, రోజూ మనిషే లాగిన్ కావాలి. కాబట్టి ఉదయం ఎనిమిదిన్నరకు స్నానం, పూజ అయ్యాక ఫోనులో ఆథెంటికేటర్ తెరిచి, ముప్పై సెకన్లకోసారి మారే ఆరు అంకెలను కళ్లజోడు వెతుక్కుని కొట్టే పని నాకు పడింది. అక్టోబరు చివర్లో రెండు రోజులు ఆ అంకెలు తప్పని వచ్చాయి. ఫోను గడియారం రెండు నిమిషాలు వెనకబడి ఉంది. పెళ్లికి తెనాలి వెళ్లిన రోజున బస్సులో సిగ్నల్ లేక లాగిన్ కాలేదు, ఆ రోజు ఆర్డరూ లేదు. ఇక ఖాతాలు తెరిచిన నాటి నుంచి, నెలకు పది శాతం ఖాయమంటూ తయారుచేసిన ఆల్గోలు (మాదానిలా తామే ఆర్డర్లు పెట్టే ప్రోగ్రాంలు) అమ్మేవాళ్ల ఫోన్లు. ఆల్గోలు ఇచ్చేవాళ్లు ఎక్స్ఛేంజీలో నమోదు కావాలని ఆ సర్క్యులర్‌లోనే ఉంది, మీ నమోదు సంగతి ఏమిటని అడిగితే చాలు, అవతల ఫోను పెట్టేస్తారు.

నవంబరు ఆఖరి ఆదివారం లెక్కలు చూసుకున్నాం. డిసెంబరు అద్దెలతో కలిపి సర్వరుకు నాలుగు నెలలకు 2,800, ఏపీఐకి మూడు నెలలకు 1,500, రెండు డీడీపీఐలకు 236, కొరియరు 90, ఆ 112 నష్టం, డీపీ చార్జీలు 106. మొత్తం 4,844. ప్రోగ్రాం సంపాదించింది 1,260. అంతకన్నా నన్ను కుదిపిన అంకె వేరే ఉంది. సర్వరు, ఏపీఐ కలిపి నెలకు 1,200 అంటే ఏడాదికి 14,400, నేను ఇందులో తిప్పుతున్నది రెండు లక్షలు. ఏడు శాతం పైన ఖర్చుకే పోతోంది. ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటే దాదాపు అంత వడ్డీ వస్తుంది. కౌంటరులో కూర్చుని ఎంతమందికి ఈ మాట చెప్పానో!

అప్పుడు వెతికితే, మూడో బ్రోకరు దగ్గరే ధరల డేటా లేకుండా కేవలం ఆర్డర్లు పెట్టుకునే ఏపీఐ ఉచితంగా ఉందని తేలింది. మా లెక్కకు కావలసింది ముందురోజు ముగింపు ధర ఒక్కటే. అది ఎన్ఎస్ఈ రోజూ సాయంత్రం ఉచితంగా పెట్టే భావ్‌కాపీ ఫైల్లో ఉంటుంది. మావాడు ఒక రాత్రి కూర్చుని ప్రోగ్రాంను అటు తిప్పాడు. డిసెంబరు 8 నుంచి వారం పాటు దాని మీద నడిపి చూసి, ఈ బ్రోకరునే ఖాయం చేసుకున్నాం. 500 తగ్గింది. 700 ఇంకా ఉంది. రెండు లక్షలకు అది కూడా ఎక్కువేనని నాకు తెలుసు.

మిగిలింది రెండో ఖాతా మూయడం. ఫారం ఆన్‌లైన్‌లోనే ఉంది, ఖాతాలో ఏమీ మిగలకూడదు, అంతే. కాని అందులో దీపావళినాటి గోల్డ్ బీస్ యూనిట్ ఒకటి ఉంది. అమ్మబోతుంటే మా ఆవిడ చూసి, "పండగ పూట శుభమని కొన్నది అమ్ముతారా అండీ?" అంది. దాన్ని అమ్మకుండా మూడో ఖాతాకు మార్చుకోవచ్చట, దానికి స్లిప్పు నింపి మళ్లీ కొరియరు చేయాలి. ఆ యూనిట్ ఖరీదు వంద రూపాయల పైచిలుకు. ఆ ఖాతా నిర్వహణ రుసుము మూడు నెలలకోసారి 88 రూపాయల 50 పైసలు. మొన్ననే మొదటిది కోసుకున్నారు.